ఊరి వడ్రంగి, మద్రాస్ సాపర్: యుద్ధానికి పోయొచ్చిన మనిషి ఆనవాళ్లు ఎట్ల పట్టాలి?

ఆలేరు_రోడ్
ఊరి చరిత్ర సేకరణలో తేలిన ఒక మనిషి గురించి ఈ థ్రెడ్. ఊరు భువనగిరి తాలూకాలో ఉంది, అప్పటి నల్లగొండ జిల్లా. మనిషి ఊరి వడ్రంగి. నాగళ్లు, గుంటకలు, బండి చక్రాలు చేసేవాడు. మధ్యలో కొన్నేళ్లు మిలట్రీకి పోయి, తిరిగొచ్చి మళ్లీ అదే కొట్టంలో బాడిస పట్టాడని చెప్తారు. ఏ పటాలమో, ఎక్కడికి పోయాడో చెప్పేవాళ్లు లేరు.

మిగిలినవి: తెల్లటి లోహంతో గుండ్రటి మెడల్ ఒకటి. రిబ్బను ఊడిపోయిన ఆరు కోణాల నక్షత్రం ఒకటి. సగం చెదలు తిన్న కాగితం. దాని మీద ‘...వి.ఓ. మద్రాస్ ఎస్. అండ్ ఎం.’ అని, కింద ఒక గడిలో ‘సి.పి.టి.ఆర్. అండ్ జె.ఎన్.ఆర్., క్లాస్ 3’ అని కనిపిస్తున్నాయి. నంబరు ఉంది గానీ చివరి రెండంకెలు చెదల పాలయ్యాయి. పనిముట్ల పెట్టెలో ఒక ఉలి మీద బాణం గుర్తు కొట్టి ఉంది. పెట్టె చూపించిన వాళ్లు ‘బర్మా, బర్మా’ అన్నారు. రాసుకున్నాం.

ఎక్కడ మొదలుపెట్టాలి? హైదరాబాద్ రెజిమెంట్ అయి ఉంటుందా?

చార్మినార్_బేకరీ
నిజాం రాజ్యం మనిషి కాబట్టి 19వ హైదరాబాద్ రెజిమెంటే అయి ఉంటుంది. రాణీఖేత్‌కి రాయండి, రికార్డు అక్కడే ఉంటది.

రికార్డ్_రూమ్_సార్జెంట్
@చార్మినార్_బేకరీ వద్దు భయ్యా, ఈ దారిలో పోయి చాలామంది ఏడాది పోగొట్టుకున్నారు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ నిజాం సైన్యం కాదు, బ్రిటిష్ ఇండియన్ ఆర్మీది. పాత హైదరాబాద్ కంటింజెంట్ నుంచి పేరు మిగిలింది, అంతే. యుద్ధం నాటికి అందులో కుమావోనీలు, జాట్లు, అహీర్లు ఉన్నారు. 1945 అక్టోబరు 27న దాని పేరే కుమావోన్ రెజిమెంట్‌గా మారింది. తెలుగు వడ్రంగికి అందులో చోటు దాదాపు లేదు.

నిజాం సొంత సైన్యం వేరే ఉంది, హైదరాబాద్ స్టేట్ ఫోర్సెస్. వాళ్ల 1వ ఇన్‌ఫెంట్రీ 1941 డిసెంబరులో జపాన్ వాళ్లు మలయాలో దిగినప్పుడు కోటబారు విమానాశ్రయం దగ్గర ఉంది. దాని వెతుకులాట వేరు.

అయినా మీ కాగితమే జవాబు చెప్తోంది కదా. ‘క్యు.వి.ఓ. మద్రాస్ ఎస్. అండ్ ఎం.’ అంటే క్వీన్ విక్టోరియాస్ ఓన్ మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్. సాపర్లంటే వంతెనలు, రోడ్లు వేసే సైన్యం ఇంజనీరింగ్ జవాన్లు. కేంద్రం బెంగళూరు. ఇప్పుడు మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అంటారు. ‘సి.పి.టి.ఆర్. అండ్ జె.ఎన్.ఆర్.’ కార్పెంటర్ అండ్ జాయినర్. క్లాస్ 3 అంటే ట్రేడ్ టెస్టులో మొదటి మెట్టు. పైకి పోతే 2, 1. క్లాసును బట్టి జీతం మీద అదనం వచ్చేది.

ఇంకోటి. 1946లో సాపర్లను రాయల్ ఇండియన్ ఇంజనీర్స్ కిందికి తెచ్చారు. మీకు దొరికే మరో కాగితం మీద ‘ఆర్.ఐ.ఇ.’ అని ఉంటే వేరే మనిషి అనుకోకండి.

బాడిస_ఉలి
వడ్రంగి అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. చేతిపని వచ్చినవాణ్ని పదాతి దళంలో తుపాకీ ఇచ్చి నిలబెట్టేవాళ్లు కాదు, మనుషుల కొరత అంత ఉంది. వడ్రంగులు, కమ్మర్లు, తాపీవాళ్లు సాపర్లలోకో, ఆర్టిజాన్ వర్క్స్ కంపెనీల్లోకో పోయారు. మోటారు, మర మరమ్మతు చేతనైనవాళ్లు 1943 మే 1న పుట్టిన ఇండియన్ ఎలక్ట్రికల్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్, అంటే ఐ.ఇ.ఎం.ఇ.లోకి. స్టోర్లు, డిపోలు అయితే సైన్యం సరుకులు చూసే ఆర్డ్‌నెన్స్‌లోకి. కాగితం దొరకకపోయినా ఏ పని చేసేవాడో తెలిస్తే సగం వెతుకులాట తగ్గుతుంది.

ఇది హైదరాబాద్ వాళ్లకు పనికొచ్చే మాట: ఐ.ఇ.ఎం.ఇ. అయితే ఇప్పటి ఇ.ఎం.ఇ. రికార్డ్స్, ఆర్డ్‌నెన్స్ అయితే ఏ.ఓ.సి. (ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్) రికార్డ్స్, రెండూ సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. మీ మనిషికి మాత్రం బెంగళూరే.

మెడల్_డబ్బా
ముందు ఒక దండం: మెడళ్లను చింతపండుతో గానీ బ్రాసోతో గానీ రుద్దకండి. ఇప్పటికే రుద్ది ఉంటే ఇక ఆపండి.

గుండ్రటి దాని మీద ఒకవైపు రాజు తల, మరోవైపు సింహం కాళ్ల కింద డ్రాగన్ ఉంటే అది వార్ మెడల్ 1939-45. వెనక ఇండియా పటం ఉంటే ఇండియా సర్వీస్ మెడల్, అది మూడేళ్లు దేశంలోనే ఉండి పనిచేసిన వాళ్లకు. రెండిటి తేడా మీ కథనే మార్చేస్తుంది, సరిగ్గా చూడండి.

నక్షత్రం సంగతి. ఆ యుద్ధంలో ఇచ్చిన స్టార్లన్నీ ఒకే అచ్చు, ఒకే సైజు. రిబ్బను పోయినంత మాత్రాన నష్టం లేదు, నడుమ రాజముద్ర చుట్టూ ఉన్న వలయంలో పేరు పోత పోసి ఉంటుంది. ఆఫ్రికా, ఇటలీ, బర్మా, ఏదో ఒకటి. భూతద్దం చాలు.

తర్వాత గుండ్రటి మెడల్ అంచు. గదిలో లైటు తీసేసి, సెల్ టార్చిని అంచుకు ఏటవాలుగా, దాదాపు ఆనించి పట్టండి. నెమ్మదిగా తిప్పుతూ పోతే అరిగిన అక్షరం నీడ పడి లేస్తుంది. నేరుగా వెలుగు కొడితే ఏమీ కనపడదు. ఇండియన్ సైనికులకు ఇచ్చిన వాటిలో కొన్నిటికి అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ పొట్టి అక్షరాలు ఉంటాయి. మీ కాగితంలో పోయిన రెండంకెలు అక్కడ ఉండొచ్చు. పల్చటి కాగితం చుట్టి మెత్తని పెన్సిలు మొన పడుకోబెట్టి రుద్దినా వస్తుంది.

ఆలేరు_రోడ్
సింహం, డ్రాగన్. నక్షత్రం మీద ‘ది బర్మా స్టార్’. అంచు మీద అక్షరాలు ఉన్నాయి, ‘ఎస్.పి.ఆర్.’ (సాపర్) దాకా చదవగలిగాం. నంబరు చివర 4 ఖాయం. ముందుది 1 లేదా 7.

అయితే ‘బర్మా, బర్మా’ అన్నది నిజమేనన్నమాట.

బాడిస_ఉలి
ఆగండి ఆగండి. పెట్టె చూపిస్తూ అన్నారని రాశారు. వడ్రంగి పెట్టెలో బర్మా అంటే బెజ్జాలు వేసే పనిముట్టు! విల్లుకు తాడు చుట్టి తిప్పేది. వాళ్లు దేశం పేరు చెప్పారా, పనిముట్టు చూపించారా? ఈసారి పోయినప్పుడు ‘బర్మా’ అనకుండా ‘ఏ ఊళ్లు తిరిగాడు’ అని అడగండి. నోటి మాట సేకరణలో మనం నోరు జారి అందించిన మాటే మనకు తిరిగొస్తుంది.

ఉలి మీద బాణం గుర్తు గురించి కూడా. బాణం కింద ‘ఐ’ అక్షరం ఉంటే ఇండియా సర్కారు సరుకు. కానీ దాన్ని సాక్ష్యంగా రాసుకోకండి. యుద్ధం ముగిశాక మిగిలిన సామాను గుట్టలు గుట్టలుగా డిస్పోజల్స్‌లో అమ్మేశారు. ఉలులు, రంపాలు, పారలు, టార్పాలిన్లు, లారీలు, అన్నీ. మిలట్రీ గడప తొక్కని వడ్రంగి దగ్గరా అలాంటి ఉలి ఉండొచ్చు.

మెడల్_డబ్బా
@బాడిస_ఉలి బర్మా మాట నిజమే, నవ్వొచ్చింది. స్టార్ ఉంది కాబట్టి ఈసారి పనిముట్టూ దేశమూ రెండూ కలిశాయనుకోవచ్చు. కానీ ఇక్కడా ఒక మెలిక: బర్మా స్టార్ ఉన్నంత మాత్రాన బర్మాలో అడుగుపెట్టినట్టు కాదు. 1942 మే నుంచి బెంగాల్, అస్సాంలో నిర్ణయించిన ప్రాంతాల్లో పనిచేసినవాళ్లకూ అది ఇచ్చారు. దీమాపూర్‌లో షెడ్లు కట్టినవాడికీ, బర్మాలో ఐరావతి నది దాటినవాడికీ ఒకటే నక్షత్రం. ఏదో తేలాలంటే కంపెనీ నంబరు కావాలి.

రికార్డ్_రూమ్_సార్జెంట్
కంపెనీ నంబరు కోసమే బెంగళూరుకు రాయాలి. అసలు పని ఇక్కడుంది, నిదానంగా చదవండి.

సిపాయి సర్వీసు కాగితాలు లండన్‌లో లేవు. బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి ఎక్కువగా ఆఫీసర్లవి. మామూలు జవానుల రికార్డు ఆయా రెజిమెంట్ రికార్డ్ ఆఫీసులోనే, మన దేశంలోనే. అక్కడ రెండు రకాలు. ఒకటి షీట్ రోల్. మనిషి పూర్తి చరిత్ర: పుట్టిన ఊరు, గుర్తులు, కంపెనీలు, సెలవులు, శిక్షలు. రెండోది లాంగ్ రోల్. పెద్ద రిజిస్టరులో ఒక్కొక్కరికి ఒక వరస: నంబరు, పేరు, చేరిన తేదీ, విడుదల తేదీ, కారణం.

యుద్ధం కోసం చేరి 1946లో గ్రాట్యుటీతో ఇంటికొచ్చినవాళ్లకు పెన్షన్ లేదు, పదిహేనేళ్ల సర్వీసు ఉండాలి. పెన్షన్ లేనివాళ్ల షీట్ రోళ్లు 25 ఏళ్ల తర్వాత తీసేయడం నియమం. లాంగ్ రోల్ మాత్రం శాశ్వతం. మీరు ‘సర్వీస్ రికార్డ్ ఇవ్వండి’ అని రాస్తే ‘నియమం ప్రకారం ధ్వంసం చేశాం’ అని రెండు లైన్ల జవాబొస్తుంది, అది అబద్ధం కూడా కాదు. ‘లాంగ్ రోల్‌లో ఈ నంబరు ఎదురుగా ఉన్న నమోదు నకలు ఇవ్వండి’ అని అడగండి. ఈ ఒక్క మాట తేడాతో ఫలితం మారుతుంది.

మీకు నంబరులో ఒక్క అంకె అనుమానం, 1 లేదా 7. రెండు నంబర్లూ రాయండి. పేరు, తండ్రి పేరు, ఊరు సరిపోల్చమని అడగండి. అక్కడ పేరుతో వెతకరు, నంబరుతో వెతుకుతారు. పేరు సరిచూసుకోవడానికే.

తార్నాక_రీడర్
పైదానికి కలుపు: ఉత్తరానికి జవాబు రాకపోతే ఆర్టీఐ పెట్టండి. కేంద్ర పోర్టల్‌లో ఇండియన్ ఆర్మీ ఉంది, ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. ‘మూడో వ్యక్తి వ్యక్తిగత సమాచారం’ అని ఆ చట్టం సెక్షన్ 8(1)(జె) కింద తిప్పికొడితే, సెక్షన్ 8(3) చూపిస్తూ మొదటి అప్పీలు వేయండి. ఇరవయ్యేళ్లు దాటిన సంగతులకు ఆ మినహాయింపు వర్తించదు. అప్పీలుకూ 30 రోజులే, ఆలస్యం చేయొద్దు. వారసులు ఎవరైనా సంతకం పెడితే ఈ గొడవే ఉండదు, అదే మేలు.

చార్మినార్_బేకరీ
కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ సైట్‌లో పేరు కొట్టి చూశా, దొరకలేదు. పంజాబ్ రిజిస్టర్లు కూడా ఆన్‌లైన్‌లో పెట్టారట కదా?

రికార్డ్_రూమ్_సార్జెంట్
దొరకదు అన్నా, ఆయన బతికొచ్చాడు! వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా చనిపోయినవాళ్లది. 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 మధ్య పోయినవాళ్లు. పంజాబ్ రిజిస్టర్లు మొదటి ప్రపంచ యుద్ధానివి, పంజాబ్ వరకే. సుమారు 3.2 లక్షల మంది. నల్లగొండకు ఏం సంబంధం.

కానీ ఆ సైట్‌ను పక్కదారిలో వాడుకోవచ్చు. అదే ఊరి నుంచి, అదే తాలూకా నుంచి పోయి తిరిగిరాని సాపర్లు ఉంటే, వాళ్ల నమోదులో తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. పేరు గడి ఖాళీగా వదిలి, అదనపు సమాచారం గడిలో జిల్లా పేరు కొట్టండి. మీ నంబరుకు దగ్గరి నంబర్లు కనిపిస్తే దాదాపు అదే కాలంలో భర్తీ అయినవాళ్లని అర్థం. బర్మాలో సమాధి దొరకనివాళ్ల పేర్లు రంగూన్ మెమోరియల్ మీద ఉన్నాయి, టౌక్యాన్‌లో. దాదాపు 27,000 మంది. మలయా, సింగపూర్ అయితే క్రాంజీలోని సింగపూర్ మెమోరియల్.

పాతస్పెల్లింగ్
అక్కడ వెతికేటప్పుడు ఇప్పటి స్పెల్లింగు కొడితే సున్నా వస్తుంది. భర్తీ గుమస్తా చెవికి ఎలా వినపడితే అలా రాశాడు. బ్రహ్మం ఒకచోట ‘బ్రమ్మం’, మరోచోట ‘బ్రమం’. ఇంటిపేరు ‘వడ్ల’ను ‘వొడ్ల’, ‘వడ్డ్ల’ అన్నవాళ్లున్నారు. ఒక్కోసారి ఇంటిపేరు ఎగిరిపోయి తండ్రి పేరు వచ్చి కూర్చుంటుంది. కులం గడిలో కంసాలి అనో విశ్వబ్రాహ్మణ అనో ఉండొచ్చు, రెండూ ఒకే మనిషివి. కోస్తా వాళ్లయితే విశాఖ ‘విజగపట్నం’, విజయవాడ ‘బెజవాడ’, కాకినాడ ‘కొకనాడ’.

నిజాం ఊళ్లకు ఇంకో తిప్పలు. హైదరాబాద్ చుట్టుపక్కల జిల్లా పేరు అప్పట్లో అత్రాఫ్-ఎ-బల్దా. ఊరు పేరు చదవరాకపోతే దగ్గరి రైల్వే స్టేషన్, పోస్టాఫీసు, ఠాణా పేర్లు చూడండి. సెలవు మీద ఇంటికి పంపడానికి టికెట్ వారంటు రాయాలి కాబట్టి స్టేషన్ పేరు మాత్రం గుమస్తా జాగ్రత్తగా రాసేవాడు.

ఫసలీ_1357
ఊళ్లో కాగితాలు వెతికారా? మిలట్రీ కాగితం పోయినా రెవెన్యూ కాగితం నిలబడుతుంది. ఊరి వడ్రంగికి రైతులు పంట మీద ఇచ్చే మేర గింజలతో పాటు కొన్ని ఊళ్లలో బలోతా ఇనాం, అంటే ఊరి పనికి బదులిచ్చిన భూమి, ఉండేది. పాత భూమి రికార్డులైన సేత్వార్‌లో, 1954-55 ఖాస్రా పహాణీలో ఎవరి పేరుందో చూడండి.

ఆలేరు_రోడ్
చూశాం. ఇనాం ముక్క ఆయన అన్నగారి పేరున ఉంది. ఈయన పేరున విడిగా ఎకరంన్నర కొనుగోలు కాగితం నకలు దొరికింది, ఉర్దూలో. తేదీ నిజాం రెవెన్యూ లెక్కలో 1355 ఫసలీ సంవత్సరం, అమర్దాద్ నెల. 590 కలిపితే 1945 వస్తోంది. అంటే యుద్ధం నడుస్తుండగానే కొన్నాడు, లీవులో వచ్చాడన్నమాట?

ఫసలీ_1357
కాదు, ఇక్కడే అందరూ పొరపడతారు. నిజాం ఫసలీ సంవత్సరం ఆజుర్‌తో మొదలు, అక్టోబరు 6 ప్రాంతంలో. ఆజుర్, దై, బహ్మన్ దాకా 590 కలపాలి. ఇస్ఫందార్ నుంచి, అంటే జనవరి నుంచి, 591. వరుసగా లెక్కపెట్టండి: ఆజుర్, దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఉర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్. తొమ్మిదో నెల. కాబట్టి 1355 అమర్దాద్ అంటే 1946 జూన్.

యుద్ధం ముగిసి విడుదలలు జోరుగా సాగిన కాలం అది. గ్రాట్యుటీ డబ్బు, జమ అయిన జీతం చేతికొచ్చి భూమి కొన్నాడని అనుకోవడానికి బాగా కుదురుతుంది. లాంగ్ రోల్‌లో విడుదల తేదీ 1946 మొదటి సగంలో ఉంటే ముడి పడ్డట్టే.

మద్రాసు రాజ్యం కాగితాలకు ఈ లెక్క వాడకండి. వాళ్ల ఫసలీ జులై 1న మొదలు.

బాడిస_ఉలి
జూన్ అంటే మృగశిర కార్తె. దుక్కుల ముందు ఊరికి వడ్రంగి అవసరం ఎక్కువ. వచ్చిన వెంటనే చేతినిండా పని దొరికి ఉంటుంది, అది వేరే సంగతి.

తార్నాక_రీడర్
స్టేట్ ఆర్కైవ్స్ తార్నాకలో ఉంది. నిజాం సర్కారు దస్తావేజులు ఎక్కువ భాగం ఉర్దూ, పారసీ. ఈయన బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో చేరాడు కాబట్టి పేరు అక్కడ దొరుకుతుందని పోకండి. భర్తీ గురించి జిల్లాకు వెళ్లిన ఉత్తర్వుల్లాంటివి చూడాలనుకుంటే పోవచ్చు. అభిలేఖ్ పటల్ వెబ్‌సైట్‌లో ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ సూచిక ఇంట్లో కూర్చునే చూడొచ్చు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని మరిచిపోకండి. ఆయన భార్య ఎప్పుడైనా రెండో ప్రపంచ యుద్ధ సైనికుల వితంతు సాయానికి దరఖాస్తు పెట్టి ఉంటే, ఆ ఫైల్లో డిశ్చార్జి కాగితం నకలు కుట్టి ఉంటుంది. చెదలు పట్టకముందు తీసిన నకలు!

రికార్డ్_రూమ్_సార్జెంట్
కంపెనీ నంబరు తేలిన తర్వాత వార్ డైరీ, అంటే యుద్ధంలో ఆ యూనిట్ రోజూ రాసిన దినచర్య. లండన్‌లో క్యూ (Kew)‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆగ్నేయాసియా రంగానివి డబ్ల్యూఓ 172 అనే ఫైళ్ల వరసలో, మధ్యప్రాచ్యానివి డబ్ల్యూఓ 169, ఇటలీవి డబ్ల్యూఓ 170. ఇండియన్ యూనిట్లవీ అందులోనే. అక్కడ తెలిసినవాళ్లుంటే సొంత కెమెరాతో ఉచితంగా ఫొటోలు తీసుకోవచ్చు, వాళ్లతో కాపీ చేయిస్తే ఖర్చు.

డైరీలో మీ మనిషి పేరు వస్తుందని ఆశపడకండి. ఆఫీసర్ల పేర్లుంటాయి, సుబేదార్, జమేదార్ ఒక్కోసారి. మిగతావాళ్లు ‘ఐ.ఓ.ఆర్. 2 గాయపడ్డారు’ అన్న లెక్కలో. ఐ.ఓ.ఆర్. అంటే ఇండియన్ అదర్ ర్యాంక్స్, మామూలు జవాన్లు. కానీ ఆ రోజు కంపెనీ ఎక్కడుంది, ఏ వాగు మీద ఏం కట్టింది, ఎన్ని గంటల్లో కట్టింది, అన్నీ ఉంటాయి. వడ్రంగి జీవితం దానిలోంచి చదువుకోవాలి.

చార్మినార్_బేకరీ
సాపర్లు ముక్కలు బిగించి వేసే బెయిలీ వంతెన ఇనుపది కదా, వడ్రంగికి ఏం పని?

బాడిస_ఉలి
మంచి ప్రశ్న. ప్యానెళ్లు ఉక్కువే. ఒక్కొక్కటి 10 అడుగుల పొడవు, 5 అడుగుల 1 అంగుళం ఎత్తు, 570 పౌండ్ల పైన బరువు. ఆరుగురు మోసేవాళ్లు. కానీ పైన బండ్లు నడిచే తలం చెక్కది. ప్రతి పది అడుగులకు 13 పలకలు, వాటిని కదలకుండా పట్టే అంచు దూలాలు కూడా చెక్కవే. ట్యాంకులు, లారీలు నడిచే కొద్దీ పలకలు చీలేవి, మార్చాలి. గట్టు మెత్తగా ఉంటే కింద దుంగలు అడ్డం నిలువు పేర్చి పీఠం కట్టాలి. పచ్చి దుంగ వాడితే ఎండలో కుదించుకుని వంతెన ఒక పక్కకు వాలుతుంది, ఇది చెక్క చెయ్యి తెలిసినవాడికే తోస్తుంది.

1944 డిసెంబరులో బర్మాలో కలేవా దగ్గర చింద్విన్ నది మీద వేసిన బెయిలీ వంతెన 1,154 అడుగులు. అప్పటికి ప్రపంచంలో అలాంటి వాటిలో అదే పొడవైనది. అక్కడే 14వ సైన్యం చీఫ్ ఇంజనీర్ హేస్టెడ్ నది ఒడ్డున టేకు నరికించి వందలకొద్దీ పడవలు కట్టించాడు, రోడ్డు చాలక సామాను నీటి మీద దింపడానికి. బండి చక్రానికి ఆకులు కూర్చే చెయ్యికి అది కొత్త పనేం కాదు. అతుకు బిగువుగా లేకపోతే బండి ఊగుతుంది, పడవ కారుతుంది, తేడా అంతే.

మీ మనిషి కలేవాలో ఉన్నాడని అనడం లేదు. వార్ డైరీ చదివేటప్పుడు ఏ పదాల దగ్గర ఆగాలో చెప్తున్నా: టింబర్ (కలప), డెక్కింగ్ (పై పలకలు), ట్రెసిల్ (దుంగ కాళ్ల ఊత), క్రిబ్ (దుంగలు పేర్చిన పీఠం), బోట్ బిల్డింగ్.

మెడల్_డబ్బా
మద్రాస్ సాపర్లంటే బర్మా ఒక్కటే అనుకోకండి. 12వ ఫీల్డ్ కంపెనీ, 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీ 4వ ఇండియన్ డివిజన్‌తో ఆఫ్రికా, ఇటలీ తిరిగాయి. ఆ 11వ కంపెనీ సుబేదార్ సుబ్రమణ్యన్‌కే 1944లో ఇటలీలో మందుపాతర మీద పడి తనవాళ్లను కాపాడినందుకు మరణానంతరం జార్జ్ క్రాస్ వచ్చింది. మీ దగ్గర ఆఫ్రికా, ఇటలీ స్టార్లు లేవు కాబట్టి ఈ రెండు కంపెనీలను ప్రస్తుతానికి పక్కన పెట్టొచ్చు. స్టార్ ఎక్కడైనా పోయి ఉంటే తప్ప. ఇంట్లో రిబ్బను ముక్కలు, పిన్నులు ఏమన్నా ఉన్నాయా? ముదురు నీలం, నడుమ వెడల్పుగా ఎరుపు, అటూ ఇటూ సన్నటి నారింజ గీత అయితే బర్మా స్టార్‌ది.

ఆలేరు_రోడ్
రిబ్బన్లు లేవు. పిన్ను పట్టీ ఒకటి ఉంది, దాని మీద గుడ్డ పోగులు మూడు మెడళ్ల వెడల్పున అంటుకుని ఉన్నాయి. మా దగ్గర ఉన్నవి రెండే.

మెడల్_డబ్బా
అయితే మూడోది 1939-45 స్టార్ అయి ఉంటుంది. బర్మా స్టార్ వచ్చినవాళ్లలో చాలామందికి అదీ ఉంటుంది. దాన్ని బట్టి కొత్త రంగం ఏదీ తెరుచుకోదు. పోగుల రంగు క్లోజప్ ఫొటో పెట్టండి, ముదురు నీలం, ఎరుపు, లేత నీలం మూడూ సమాన పట్టీలైతే అదే.

రికార్డ్_రూమ్_సార్జెంట్
ఫొటో తర్వాత. ముందు బెంగళూరుకు ఉత్తరం ఈ వారమే పోనివ్వండి. రెండు నంబర్లు, పేరు మూడు స్పెల్లింగుల్లో, తండ్రి పేరు, ఊరు, భువనగిరి తాలూకా, నల్లగొండ జిల్లా, హైదరాబాద్ స్టేట్, దగ్గరి స్టేషన్ ఆలేరు, ట్రేడ్ కార్పెంటర్ అండ్ జాయినర్, విడుదల 1946 జూన్‌కు ముందు. ‘యాదాద్రి భువనగిరి జిల్లా’ అని రాయకండి, ఆ రిజిస్టరులో ఆ జిల్లా లేదు.

ఆలేరు_రోడ్
మెడల్ అంచును మళ్లీ చీకట్లో టార్చితో చూశాం. 7 కాదు, 1. అడ్డగీత అనుకున్నది గీసుకుపోయిన గీత, పక్క అక్షరం మీదికీ సాగింది. అయినా ఉత్తరంలో రెండూ రాశాం. ఆయన మనవడి సంతకంతో రిజిస్టర్డ్ పోస్టులో పంపాం.

రికార్డ్_రూమ్_సార్జెంట్
రసీదు దాచండి. జవాబు రాక ఆర్టీఐ దాకా పోతే, ఉత్తరం పంపినట్టు రుజువు అదే.